గాలం ముచ్చట్లు: నీళ్ళలో జలగలా కదిలే ఫ్లై

పోయిన నెల చల్లటి నీళ్ళలో బతికే ట్రౌట్ చేప గురించి రాస్తూ జలగ ఫ్లైల సంగతి ఒక్క లైన్‌లో చెప్పి వదిలేశాను. ఇక అప్పట్నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, చాలావరకు వాటి మీదే. సరే, ఈ నెల పేజీ మొత్తం జలగలకే, ముందు మీ ఉత్తరం, దాని కింద నా జవాబు.

నేను కూకట్‌పల్లిలో ఉంటాను, ఐటీ జాబ్. ఆగస్టులో కశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్‌కి వెళ్తున్నాం. విషన్‌సర్, గంగాబల్ సరస్సుల్లో ట్రౌట్ ఉంటాయి, ఊలీ బగ్గర్ తీస్కెళ్ళు అని ఫ్రెండ్ చెప్పాడు, అది జలగలా ఉంటుందట. ఫ్లై అంటే ఈగ కదండీ, జలగని ఫ్లై అనడమేంటి? ట్రౌట్ నిజంగా జలగల్ని తింటుందా?

తింటుందండీ, ఇష్టంగా తింటుంది. ముందు పేరు సంగతి చెప్తా. నీళ్ళ మీద వాలే పురుగుల్లాంటి వాటిని ఈకలతో దారంతో గాలానికి కట్టి చేపని నమ్మించడంతో ఈ పద్ధతి మొదలైంది, ఆ పేరు అలా వచ్చి ఉండిపోయింది. తర్వాత చిన్న చేప, రొయ్య, జలగ, ఏది కట్టినా ఫ్లై అనే అంటున్నారు. మనం చిన్నప్పుడు గాలానికి ఎర్రలు గుచ్చి వేసేవాళ్ళం కదా, ఎర్రకి వాసన ఉంటుంది, రుచి ఉంటుంది, ఫ్లైకి అవేం ఉండవు, చేపని నమ్మించాల్సింది ఆకారంతో, కదలికతోనే.

వాగులో ఉండే ట్రౌట్ ఒకచోట నిలబడితే చాలు, ప్రవాహం తిండిని దాని నోటి దగ్గరకి తెచ్చిస్తుంది. సరస్సులో అట్లా కుదరదు, నీళ్ళు కదలవు కాబట్టి చేపే తిరగాలి. అట్లా తిరిగే చేపకి పురుగులు కొన్నాళ్ళు దొరుకుతాయి, కొన్నాళ్ళు దొరకవు, జలగ మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది, పైగా ఒక్కటి దొరికితే చిన్న పురుగులు బోలెడు తిన్నంత. జలగ అనగానే మనకి రక్తం తాగేదే గుర్తొస్తుంది గానీ నత్తల్ని, నీటి పురుగుల్ని తిని బతికే రకాలు చాలా ఉన్నాయి. వాటికి వెలుతురంటే పడదు, పగలు రాళ్ళ కింద, నాచులో దాక్కుని మబ్బు పట్టినప్పుడో పొద్దుగూకాకో బయటికొస్తాయి. మీరు కూడా టెంట్లు వేసుకున్నాక సాయంత్రం చివరి గంటని దీనికోసం ఉంచుకోండి, మధ్యాహ్నం ఎండలో గంటలు గంటలు విసిరి చెయ్యి నొప్పి పెట్టుకోవద్దు.

ఊలీ బగ్గర్‌ని 1967లో అమెరికాలో పెన్సిల్వేనియాకి చెందిన రసెల్ బ్లెస్సింగ్ కట్టారు, ఆయన మనసులో ఉన్నది జలగ కాదు, నీటి అడుగున బతికే ఒక పెద్ద పురుగు లార్వా. కానీ అదే ఫ్లైని నల్లటి నూగుతో పల్చగా కట్టి నెమ్మదిగా లాగితే ట్రౌట్ దాన్ని జలగ అనే అనుకుంటుంది. సైజు 8, 10 లలో నల్లవి నాలుగు, ఆలివ్ రంగువి రెండు పెట్టుకోండి, చాలు. మత్స్యశాఖ పర్మిట్ సంగతి మాత్రం ట్రెక్ మొదలయ్యే ముందే చూస్కోండి, అక్కడికెళ్ళాక చూద్దాంలే అనుకోవద్దు. ఆ చేపల తాత ముత్తాతలు 1900 ప్రాంతంలో బ్రిటన్ నుంచి గుడ్లుగా ఓడెక్కి వచ్చినవి, అంత దూరం వచ్చి మన నీళ్ళలో నిలదొక్కుకున్నాయి, వాటిని జాగ్రత్తగా చూస్కోవడం మన బాధ్యత. తినడానికి కాకపోతే మొన దగ్గర ఎదురుముల్లు నొక్కేసిన హుక్ వాడండి, చెయ్యి తడిపి పట్టుకోండి, నీళ్ళలోనే వదిలేయండి.

ఎల్బీనగర్ నుంచి రాస్తున్నాను. నాకు క్రోషె బాగా వచ్చు. మా ఆయన ప్రతి ఏడాదీ ఊటీ వైపు ట్రౌట్ కోసం వెళ్తారు, ఈసారి ఆయనకి ఫ్లైలు నేనే కట్టివ్వాలని ఉంది. ఆన్‌లైన్‌లో సామాన్ల రేట్లు చూస్తే గుండె ఆగినంత పనైంది. ఇక్కడ దొరికేవాటితో కట్టొచ్చా?

కట్టొచ్చమ్మా, నిక్షేపంగా కట్టొచ్చు. క్రోషె చేసే చేతికి దారం బిగువు తెలుసు, కొత్తవాళ్ళకి ఆరు నెలలు పట్టేది అదే.

కోఠిలో సుల్తాన్ బజార్ వైపు ఊలు దుకాణాల్లో, పోగులు బయటికి లేచి చుట్టూ మబ్బులా కనపడే ఊలు అడగండి. మోహేర్ అంటారు, అంగోరా అంటారు, అందులో యాక్రిలిక్ కలిసి ఉన్నా పర్లేదు, మీరు చూడాల్సింది పోగు పొడుగ్గా ఉందా, తడిపితే మెత్తగా ఊగుతోందా అన్నదే. షాపులోనే చిన్న ముక్క తడిపి చూపించమనండి, ఏమనుకోరు. దారం కోసం మగ్గం వర్క్ సామాన్లు అమ్మే షాపుకి వెళ్ళి మిషన్ ఎంబ్రాయిడరీకి వాడే సన్న పాలిస్టర్ దారం తీస్కోండి, మామూలు కుట్టు దారం లావు, తల దగ్గర ఉండ కట్టేస్తుంది. ఇత్తడి పూసలు, సన్న జరీ పోగు కూడా అక్కడే దొరుకుతాయి. బరువు కోసం రాగి తీగ కావాలంటే వీధి చివర మోటార్ వైండింగ్ షాపులో అడగండి, మూరెడు తీగకి చాలామంది డబ్బులు కూడా తీస్కోరు.

తోకకి మాత్రం మారబూ కావాలి, అది టర్కీ కోడి మెత్తటి ఈక, ఒక్క నల్ల ప్యాకెట్ కొనండి, చాలా ఫ్లైలకి వస్తుంది. అదీ వద్దనుకుంటే నాటుకోడి షాపులో ఈకలు అడగండి, పెద్ద ఈకల మొదట్లో, తొడల దగ్గర దూదిలా ఉండే నూగు తీస్కుని షాంపూతో రెండుసార్లు కడిగి నీడలో ఆరబెట్టి జిప్ కవర్‌లో పెట్టి మూడు రోజులు ఫ్రీజర్‌లో ఉంచండి, పేలు పురుగులు ఉంటే పోతాయి. పుంజు మెడ ఈకలు కూడా పారేయకండి, మన దేశవాళీ పుంజు ఈకల్ని ఇండియన్ కేప్ అనే పేరుతో బయటి దేశాల్లో ఫ్లైలు కట్టేవాళ్ళు ఎప్పట్నుంచో వాడుతున్నారు. అవి బిరుసుగా ఉంటాయి కాబట్టి నీళ్ళ మీద తేలే ఫ్లైలకి బావుంటాయి, జలగకి అయితే పెట్ట ఈకే మేలు.

హుక్ దగ్గర మాత్రం డబ్బులు మిగల్చొద్దు. నేను ఒకసారి ఆన్‌లైన్‌లో సగం రేటుకి వస్తున్నాయని వంద హుక్కులు తెప్పించి వాటి మీద రాత్రుళ్ళు కూర్చుని ఇరవై ఫ్లైలు కట్టాను, మొదటి పెద్ద చేపకే హుక్ గుండుసూదిలా నిటారుగా సాగిపోయింది. ఆ చేప ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. మంచి కంపెనీ హుక్, సైజు 10, కాడ పొడుగ్గా ఉండేది తీస్కోండి.

ఇక కట్టడం. హుక్‌ని వైస్‌లో, అంటే కదలకుండా పట్టి ఉంచే చిన్న బిగింపులో, బిగించి కాడ పొడుగునా దారం చుట్టండి, మధ్య భాగంలో రాగి తీగ ఓ పది చుట్లు. తర్వాత తోక. నూగు చిటికెడంటే చిటికెడే తీస్కోండి, తడి వేళ్ళతో నలిపి చూస్తే అగ్గిపుల్ల కన్నా కాస్త లావుగా ఉండాలి, అంతకు మించితే నీళ్ళలో చీపురుకట్ట అవుతుంది. తోక పొడవు హుక్ కాడ అంత, దాటొద్దు. తోకకి అటొకటి ఇటొకటి జరీ పోగు పెట్టండి, నాలుగైదు పెట్టారంటే జలగ కాస్తా పెళ్ళి చీర అంచు అయిపోతుంది. ఇప్పుడు తోక దగ్గర ఊలు కట్టి ముందుకి చుట్టుకుంటూ రండి, ప్రతి చుట్టుకీ వేళ్ళతో పోగుల్ని వెనక్కి దువ్వండి, లేకపోతే తర్వాతి చుట్టు కింద అవి నలిగి చచ్చిపోతాయి. తల దగ్గర ముడి వేశాక ఐస్‌క్రీం పుల్లకి వెల్క్రో ముక్క అంటించి దాంతో ఒళ్ళంతా గీరండి, పోగులు లేస్తాయి. చివరికి కిటికీ వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి, పోగుల మధ్య నుంచి హుక్ కాడ లీలగా కనపడాలి. కనపడకపోతే పోగులు కత్తిరించొద్దు, వేళ్ళతో లాగి పల్చన చేయండి, కత్తెర పడిన చోట జలగ మొండిగా కనిపిస్తుంది.

మొదటి అయిదూ బాగా రావు, ఆరోది చూసి మీ ఆయన నమ్మరు మీరు కట్టారంటే.

అన్నా, ఉప్పల్ నుంచి. మూడు జలగలు కట్టిన, పూస గూడ పెట్టిన. నీళ్ళ డ్రమ్ముల బెండు కింద వేలాడదీసి చూస్తే తోక కిందికి, మొఖం పైకి, నిలువుగ ఉరేసినట్టు ఉంటున్నది. అసలు జలగ అట్ల ఉండదు గదా. ఏం జెయ్యాలె?

తమ్ముడూ, డ్రమ్ములో వేసి చూసినందుకు ముందు నీకు శభాష్, చాలామంది ఇది చూడకుండానే వందల కిలోమీటర్లు వెళ్ళిపోతారు. నువ్వు కట్టింది తప్పు కాదు. చేత్తో లాగే ఫ్లై అలాగే ఉంటుంది, లాగితే లేస్తుంది, ఆపితే పూస బరువుకి తల దించుతుంది, అది బావుంటుంది. బెండు కింద ఊరికే వేలాడాల్సి వచ్చినప్పుడే నువ్వు చెప్పిన సమస్య, ఎందుకంటే దారం కట్టేది ఒక చివర, బరువంతా రెండో వైపు.

దీనికి అమెరికాలో స్పోకేన్‌కి చెందిన జెర్రీ మెక్‌బ్రైడ్ ఒక ఉపాయం కనిపెట్టారు, కెనడాలో ఫిల్ రౌలీ దాన్ని అందరికీ నేర్పారు, బ్యాలెన్స్‌డ్ లీచ్ అంటారు. కావాల్సింది మన గుండుసూదే. పూసని సూదికి ఎక్కించి గుండు దాకా జరుపు, గుండు కన్నా పూస రంధ్రం చిన్నగా ఉండాలి, లేకపోతే జారిపోతుంది. దారం కట్టే కన్ను పైకి వంగి ఉండే జిగ్ హుక్ తీస్కో. సూదిని కాడ మీద పడుకోబెట్టు, పూస హుక్ కన్నుని దాటి ముందుకి, ఒక పూస దూరం బయటికి ఉండేలా. మొన వైపు మిగిలింది కట్టర్‌తో కత్తిరించు, దారంతో గట్టిగా చుట్టి సూపర్ గ్లూ ఒక చుక్క వెయ్. ఆరాక మామూలుగా తోక, ఒళ్ళు కట్టుకోవడమే. అంటే కన్నుకి ఇటు హుక్, తోక, అటు పూస, తక్కెడ లెక్క.

పూర్తయ్యాక దారం కట్టి గాజు గ్లాసు నీళ్ళలో వేలాడదీసి పక్క నుంచి చూడు. తల కిందికి వాలితే పూస ఎక్కువ ముందుకి పోయింది, తోక వాలితే తక్కువ పోయింది, అందుకే గ్లూ వేసే ముందే ఒకసారి ఉత్త హుక్, సూదితో చూస్కుంటే మేలు, తోక కట్టాక వెనక్కి కొంచెం బరువు పెరుగుతుంది కాబట్టి ఈ దశలో తల ఇసుమంత వాలి ఉంటే మంచిది. టంగ్‌స్టన్ పూస సీసం కన్నా కూడా చాలా బరువు, ఇత్తడికి రెండింతల పైనే, అది వాడితే చిన్న పూస సరిపోతుంది. ఇత్తడిదే ఉంటే ఒక సైజు పెద్దది పెట్టి ఇంకాస్త ముందుకి జరుపు.

ఫ్లైకి దారం బిగించి ముడెయ్యకు, చిన్న లూప్ వదిలే ముడి వెయ్, అప్పుడే అది ఊగుతుంది. సరస్సులో లోతు కొలవడానికి ఫ్లైకి బరువుగా ఫోర్సెప్స్, అంటే చిన్న పటకారు, తగిలించి అడుగు దాకా దించు, దారం మీద అక్కడ గుర్తు పెట్టుకుని, బెండుని గుర్తుకన్నా ఒక అడుగు కిందికి జరిపి బిగించు. అంటే ఫ్లై నేలకి అడుగు ఎత్తులో వేలాడుతుంది. ఇక నువ్వేం చెయ్యక్కర్లేదు, గాలికి చిన్న అలలు లేస్తే బెండు పైకి కిందికి ఆడుతుంది, కింద జలగ తనంతట తను ఈదుతుంది.

జలగకి ఏ రంగు మంచిది? (సైనిక్‌పురి)

నల్లది, మెరూన్, ముదురు ఆలివ్, గోధుమ. ఒక్కటే పెట్టుకోవాలంటే నలుపు, తోకలో ఒకటి రెండు ఎర్ర పోగులతో. పొద్దు వాలాక కింద నుంచి పైకి చూసే చేపకి వెలుతురుకి అడ్డంగా స్పష్టంగా కనపడేది నలుపే. మిగతా రంగుల మీద ఇంకో పేజీ రాయొచ్చు గానీ, రంగు మార్చే ముందు లోతు మార్చి చూడండి, పది సార్లలో ఎక్కువ సార్లు సమస్య అక్కడే ఉంటుంది.

నీలగిరిలో ఎమరాల్డ్ దగ్గర రెండు రోజులు ప్రయత్నించాను. చేప తోకని టుక్కు టుక్కుమని కొరుకుతోంది, రాడ్ పైకి లేపగానే ఏమీ ఉండట్లేదు. ఆరుసార్లు ఇలాగే అయింది. తోక కత్తిరించాలా? (మెహదీపట్నం)

తోక మరీ పొడుగుంటే గోటితో కొంచెం తుంచండి, కత్తెర వద్దు. కానీ మీ ఉత్తరంలో అసలు సంగతి ఆ "రాడ్ పైకి లేపగానే" అన్న ముక్కలో ఉంది. ట్రౌట్ జలగని చాలాసార్లు ఒకేసారి మింగదు, వెనక నుంచి వచ్చి తోక పట్టుకుంటుంది, చిన్నగా లాగుతుంది, అది ఆగిపోతే వెనక్కి తిరిగి మొత్తం నోట్లోకి లాక్కుంటుంది. మీరు ఆ మొదటి టుక్కుకే రాడ్ లేపితే ఫ్లై రెండు మూడడుగులు ఎగిరి దాని కళ్ళ ముందు నుంచి మాయమైపోతుంది. ఏ జలగా అంత వేగంగా పోదు, చేపకి అనుమానం వచ్చేస్తుంది.

రాడ్ కొస నీళ్ళకి ఆనించి ఉంచండి, లైన్‌కీ రాడ్‌కీ మధ్య వంపు ఉండొద్దు. టుక్కుమంటే ఏమీ చెయ్యకండి. చాలా కష్టం, నాకు తెలుసు, చెయ్యి దానంతట అదే లేస్తుంది, అయినా చెయ్యకండి, అదే వేగంతో లాగుతూనే ఉండండి లేదా ఒక్క క్షణం ఆపండి. బరువు తెలిశాక, అంటే లైన్ తడి బట్ట తగులుకున్నట్టు బరువెక్కాక, అప్పుడు ఎడమ చేత్తో లైన్‌ని ఒక పొడుగు లాగు లాగండి, రాడ్ తర్వాత లేపండి. ఈ ఒక్కటి మార్చుకుంటే ఆరింట్లో మూడైనా మీవే.

ఇంకో మాట, మీరు ఏ లైన్ వాడారో రాయలేదు. తేలే లైన్ అయితే పన్నెండు అడుగులకి తగ్గకుండా లీడర్, అంటే లైన్‌కీ ఫ్లైకీ మధ్య కట్టే సన్న దారం, ఉండాలి. మునిగే లైన్ అయితే లెక్కపెట్టడం నేర్చుకోండి. మునిగే లైన్లలో టైప్ 3 అనే రకం సెకనుకి సుమారు మూడు అంగుళాలు మునుగుతుంది, అంటే పదడుగుల లోతుకి నలభై సెకన్లు. విసిరాక నోట్లో అంకెలు చెప్పుకోండి, మొదటిసారి ఇరవై దగ్గర లాగడం మొదలుపెట్టండి, తర్వాత ఇరవై అయిదు, ముప్పై, అలా పెంచుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట ఫ్లైకి నాచు తగులుకుని వస్తుంది, అక్కణ్నుంచి అయిదు తగ్గించుకోండి, చేపలు తిరిగేది నాచు తలల పైనే. లాగడం అంటే నాలుగు అంగుళాలు, ఆపు, మళ్ళీ నాలుగు, ఆపు. లేదా వేళ్ళ మధ్య లైన్‌ని ఎనిమిది అంకెలా చుట్టుకుంటూ రావడం. మీకే విసుగొచ్చేంత నెమ్మదిగా లాగుతున్నారంటే సరైన వేగంలో ఉన్నట్టు.

హైదరాబాద్ చుట్టుపక్కల చెరువుల్లో ట్రౌట్ వదిలితే బతుకుతుందా? (శంషాబాద్)

బతకదండీ. నీళ్ళు 20 డిగ్రీలు దాటితే ట్రౌట్‌కి ఇబ్బంది మొదలవుతుంది, 25 దగ్గరికొస్తే ప్రాణం మీదికొస్తుంది. మన ఎండాకాలంలో చెరువు నీళ్ళు దానికి సాంబారే. పరాయి చేపని ఎక్కడా మనంతట మనం వదలకూడదు కూడా. జలగ ఫ్లై మీద నమ్మకం పెరగాలంటే మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను ఉంది కదా, అనుమతి ఉన్న చెరువులోనో, తెలిసినవాళ్ళ చేపల గుంటలోనో పొద్దున్నే గట్టు పక్కన నాచు అంచుల్లో అదే నల్ల జలగని కొంచెం పెద్దగా కట్టి వేసి చూడండి. దానికి పళ్ళున్నాయి, దారం లావుగా వాడండి.

మా బాబుకి పదకొండేళ్ళు. వాళ్ళ తాతగారి ఊరి చెరువు నుంచి జలగని బాటిల్‌లో పట్టుకొచ్చాడు. మీ పేజీ చదివి దాన్ని చూసి ఫ్లై కడతానంటున్నాడు. నాకేమో ఒళ్ళు జలదరిస్తోంది. ఇంట్లో ఉంచొచ్చా? (మల్కాజిగిరి)

అమ్మా, నాలుగు రోజులు ఉంచనివ్వండి. ఈ నెల వచ్చిన అన్ని ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. కట్టేవాళ్ళలో చాలామంది జీవితంలో ఒక్కసారి కూడా జలగ ఈదడం చూడలేదు, ఫోటో చూసి కడతారు. మీ వాడు సరైన చోట మొదలుపెట్టాడు.

కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, చెరువు నీళ్ళే వాడమనండి, లేకపోతే కుళాయి నీళ్ళు వెడల్పు గిన్నెలో ఒకటి రెండు రోజులు తెరిచి ఉంచి వాడమనండి. మూతికి పల్చటి గుడ్డ కట్టి రబ్బర్ బ్యాండ్ వెయ్యాలి, ఎంత చిన్న సందు దొరికినా పాకి బయటికొచ్చేస్తుంది. ఎండలో పెట్టొద్దు. చేతికి పట్టుకుంటే కంగారుపడి లాగొద్దు. చిన్నప్పుడు మా ఊళ్ళో బర్రెల్ని కడగడానికి చెరువులో దిగితే పిక్కలకి రెండు మూడు అంటుకునేవి, నాయనమ్మ సున్నం రాసేది, ఊడి పడేవి. ఇప్పుడు తెలిసిందేంటంటే ఉప్పు, సున్నం, వేడి తగిలితే అది కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది, కాబట్టి సన్నగా ఉండే కొస దగ్గర, అదే తల, గోరు పక్కకి జరిపితే వదిలేస్తుంది, ఆ తర్వాత వెడల్పు కొస. రక్తం గడ్డకట్టకుండా చేసే హిరుడిన్ అనే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది, అందుకే కాసేపు కారుతుంది, సబ్బుతో కడిగి గుడ్డ అదిమి పట్టుకోండి. సుశ్రుత సంహితలో జలగల్ని పన్నెండు రకాలుగా చెప్పి, ఆరు విషం ఉన్నవి, ఆరు లేనివి అని విడదీశారు, చికిత్సకి వాడే పద్ధతి కూడా రాశారు, బాబుకి ఆ సంగతి చెప్పండి, ఇంకా ఇష్టంగా చూస్తాడు.

వాణ్ని మూడు విషయాలు గమనించమనండి. గాజుకి అంటుకుని ఉన్నప్పుడు ఒళ్ళు ముడుచుకుంటే చింతగింజంత అవుతుంది, చాచుకుంటే బూటు లేసులా సన్నగా సాగుతుంది, ఈ రెండు పొడవులనీ స్కేలు పెట్టి కొలిచి రాసుకోమనండి. ఈదేటప్పుడు ఒళ్ళు రిబ్బన్‌లా చదునుగా అవుతుంది, అల పాములాగా పక్కలకి కాకుండా పైకి కిందికి పోతుంది. ఇంక ఈదడం ఆపినప్పుడు అది ఎలా మునుగుతుందో, ఎంతసేపట్లో అడుగుకి చేరుతుందో చూడమనండి. ఆ మూడోది రాసి నాకు పంపమనండి, పక్కనే తను కట్టిన ఫ్లైని కూడా అదే బాటిల్‌లో వేసి దానికెంతసేపు పట్టిందో రాయాలి. నాలుగు రోజులయ్యాక జలగని తాతగారి ఊరి చెరువులోనే, తెచ్చిన చోటే వదిలిపెట్టి రమ్మనండి.